ముప్పై ఒక్కరిలో ఇద్దరు

ఆయన్ని అన్ని బడుల్లోనూ నిమిషం మాస్టారు అనేవారు. ఎదురుగా కాదు, వెనకాల. మెడలో నల్లతాడుకి స్టాప్‌వాచ్ వేలాడుతూ ఉండేది. పిల్ల చదవడం మొదలుపెట్టగానే నొక్కేవాడు. అరవై సెకన్లకి మళ్ళీ నొక్కేవాడు. ఆ మధ్యలో మిన్ను విరిగి మీదపడ్డా టీచరు నోరు తెరవకూడదు. ఆ నోరు మూసుకోవడం నేర్పడమే ఆయన ఉద్యోగం.

ఇరవై రెండేళ్ళు ఆయన కూడా పాఠం చెప్పినవాడే. తక్కువ మాట్లాడే మనిషని ఆఫీసువాళ్ళు ఏరి ఈ పనికి వేశారు. ఏరడంలో వాళ్ళ తెలివేమీ లేదు. భార్య పోయి ఆరేళ్ళయింది. అప్పటి నుంచి ఆయనకి మాట్లాడటానికేమీ మిగల్లేదు, అంతే.

పాత పరీక్ష అందరికీ తెలిసిందే. ప్రశ్నపత్రం, ఇరవై అయిదు మార్కులు, గది నిండా వంగిన తలలు. చదవడం వచ్చి రాసినవాళ్ళెవరో, పక్క కాగితం చూసి రాసినవాళ్ళెవరో దేవుడికే తెలియాలి. కొత్త పద్ధతిలో పిల్లలు ఒక్కొక్కరే వచ్చి టీచరు ఎదురుగా కూర్చుంటారు. చేతికి ఒక కాగితం ఇస్తారు. నిమిషంలో ఎంత చదివితే అంత. తప్పిన మాట మీద టీచరు తన దగ్గరున్న నకలులో ఏటవాలుగా గీత గీసి, పిల్ల ఏమని పలికిందో పైన రాసుకోవాలి. పిల్ల ఆగిపోతే మనసులో మూడు లెక్కపెట్టి, తర్వాతి మాట మీద వేలు పెట్టాలి. అందించకూడదు. లెక్కలు కూడా నోటితోనే. జవాబు చెప్పాక ‘ఎలా వచ్చింది?’ అని అడిగి, పిల్ల చెప్పింది చెప్పినట్టు రాసుకోవాలి. చివరికి అక్షరం, మాట, వాక్యం, కథ అని నాలుగు మెట్లు. పిల్ల ఏ మెట్టు మీదుందో అక్కణ్ణుంచి పాఠం మొదలుపెట్టాలి.

వినడానికి చిన్న సంగతి. కానీ ముప్పై ఏళ్ళుగా అందిస్తూ బతికిన మనుషుల్ని అందించవద్దంటే మాటలా? పిల్ల ‘తా’ అనేసరికి టీచరు నోట్లోంచి ‘తామర’ ఊడిపడుతుంది.

ఒక బడిలో శిక్షణ మొదటి రోజున ఆయన ఇదంతా చెప్పి ముగించగానే వెనక వరసలోంచి డ్రిల్లు మాస్టరు లేచాడు. పొట్ట ముందుకొచ్చాక ఆయన డ్రిల్లు మానేసి హాజరు పట్టీలు చూసుకుంటున్నాడు.

“మాస్టారూ, నోరు మూసుకుని కూర్చోవడం పెళ్ళయినప్పటి నుంచీ ఇంట్లో చేస్తున్నాం. బడిలో కూడానా?”

గదంతా నవ్వింది. నిమిషం మాస్టారు నవ్వలేదు.

“ఇంట్లో అలవాటే కదా, మరి ఇక్కడ కష్టమేంటి?” అన్నాడు.

మొదటి వరసలో కూర్చున్న ఒకావిడ మాత్రం నవ్వకుండా, పుస్తకం మూసి, “పిల్ల నీళ్ళలో మునుగుతుంటే గట్టు మీద నిలబడి మూడు లెక్కపెట్టమంటారన్నమాట” అంది.

ఆవిడ ఆయన భార్యకి అక్క. వదిన. ఆ బడిలో పెద్ద టీచరు. పెళ్ళి చేసుకోలేదు. తల్లి పోయాక చెల్లెల్ని పెంచి, చదివించి, ఈయన చేతిలో పెట్టింది. ముప్పై మూడేళ్ళుగా అదే బడి, అదే మూడో తరగతి. రిటైరవడానికి ఇంకా రెండేళ్ళుంది. ఆ రెండేళ్ళూ మూడో తరగతిలోనే ఉండాలి. అంతకు మించి ఆమెకి ఈ లోకంతో పనిలేదు.

అది కూడా అంత తేలిక కాదని అప్పటికే ఉత్తర్వు వచ్చి ఉంది. టర్ము ముగిసేలోగా ప్రతి టీచరుకీ కొత్త పరీక్ష సొంతంగా పెట్టడం రావాలి. వచ్చిందని శిక్షకుడు సంతకం పెట్టాలి. రాకపోతే ఆ టీచర్ని తరగతి నుంచి తీసి పుస్తకాల గోడౌనుకి పంపుతారు. ఆమె శిక్షకుడు ఈయనే.

“మీ వాళ్ళు కదా, నువ్వే చూసుకో” అన్నాడు పై ఆఫీసరు. అడ్డు చెబుతాడేమోనని ఫోను కూడా పెట్టేశాడు.

*

మూడో తరగతి వరండా చివర ఉంది. కిటికీకి ఒక రెక్క లేదు. బల్లల మీద పాత పిల్లలు చెక్కిన గీతల మీదే కొత్త పిల్లలు చెక్కుతున్నారు. పక్కనే చిన్న కొట్టుగదిలో బల్ల, రెండు కుర్చీలు వేశారు. బల్ల కాలు ఒకటి పొట్టి. దాని కింద అట్టముక్క మడిచి పెట్టారు.

మొదటిసారి వెళ్ళినప్పుడు రెండు జడల పిల్లని కూర్చోబెట్టారు. కాగితం మీద ‘పాప పడవ బొమ్మ చేసింది’ అని ఉంది. పిల్ల ‘పాప’ అని ఆగింది.

“పడవమ్మా, పడవ” అంది వదిన.

ఆయన స్టాప్‌వాచ్ నొక్కేశాడు. పిల్లని బయటికి పంపి, నకలు కాగితం మీద ఒక గీత గీశాడు.

“ఈ గీత పిల్లకి కాదు వదినా, మీకు.”

“నాకు గీతలు గీసేంత వాడివయ్యావా?” అంది. “మా ఇంటికి మొదటిసారి వచ్చినప్పుడు గ్లాసు అందుకోబోయి చొక్కా మీద నీళ్ళు పోసుకున్నావు. నేనే తువ్వాలిచ్చాను.”

“ఇచ్చారు. ఇప్పుడు మాత్రం ఇవ్వకండి. ఎవరి చొక్కా తడిసినా సరే, ఊరుకోండి.”

ఆమె మూతి ముడుచుకుంది. రెండో పిల్లకి రెండుసార్లు అందించింది. మూడో పిల్లకి ఐదుసార్లు. సాయంత్రం గేటు దగ్గర ఆయన సైకిలు ఎక్కబోతుంటే వచ్చి నిలబడింది. గొంతు తగ్గించింది.

“నాకు రాదా ఇది?”

“వస్తుంది.”

“రాకపోతే?”

ఆయన సైకిలు స్టాండు తీశాడు. అబద్ధం చెప్పడం ఆయనకి చిన్నప్పటి నుంచీ చేతకాలేదు. దాని వల్ల ఆయనకి ఒరిగిందేమీ లేదు.

“గోడౌనుకి నేను వెళ్ళను” అంది. “అక్కడ ఎలుకలకి పాఠం చెప్పుకోవాలా? ఆదివారం ఇంటికి రా. నువ్వు పిల్లాడివి, నేను టీచర్ని. నోరు మూసుకోవడం ఎలాగో నేర్పు.”

ఐదు ఆదివారాలు వెళ్ళాడు. ఆమె ఇంట్లో ముందుగదిలో చాప మీద ఎదురెదురుగా కూర్చునేవారు. యాభై ఏడేళ్ళ మనిషి తల వంచుకుని, కాగితం కళ్ళ దగ్గర పెట్టుకుని, కావాలని తడబడుతూ చదివేవాడు. “గా... గాలి... వ... వ...” అని ఆగి మూడు లెక్కపెట్టేవాడు. మొదట్లో ఆమె గొంతు ఆగేది కాదు. తర్వాత గొంతు ఆగి గుటకలు మిగిలాయి. నాలుగో ఆదివారానికి గుటక కూడా వినపడలేదు.

“నాలుక దురద పెట్టి చస్తున్నాను” అంది.

“దురద ఉన్నా ఫరవాలేదు. చప్పుడు రాకపోతే చాలు” అన్నాడు.

అలా అన్నాడు. తల మాత్రం ఎత్తి చూడలేదు. పిల్లవాడి వేషంలో ఉన్నాడు కదా, కళ్ళు కాగితం మీదే పెట్టాడు.

చివరి ఆదివారం ఆమె మంచినీళ్ళ గ్లాసు తెచ్చి ఇస్తూ, “అది ఉంటే మనిద్దర్నీ చూసి పొట్ట చెక్కలయ్యేలా నవ్వేది” అంది. చెల్లెలి మాట ఎత్తడం ఆరేళ్ళలో అదే మొదటిసారి. ఆయన గ్లాసు ఖాళీ చేసి లేచాడు. ఆ రోజు సైకిలు తొక్కుకుంటూ వెళుతుంటే ఒంట్లో ఏదో తేలికగా ఉన్నట్టు అనిపించింది. అలా అనిపించినందుకు తర్వాత తనని తనే తిట్టుకున్నాడు.

*

రెండోసారి బడికి వెళ్ళినప్పుడు వదిన నోట్లోంచి ఒక్క చప్పుడు రాలేదు. ఆయన తలుపు దగ్గర, ఆమెకి కాస్త వెనకగా కూర్చుని చెవులు రిక్కించి విన్నాడు. పిల్లలు చదువుతున్నారు. ఆగుతున్నారు, మళ్ళీ అందుకుంటున్నారు. ‘పాప పడవ బొమ్మ చేసింది. పడవ నీటిలో తేలింది. గాలి వచ్చింది.’ లెక్కలు చెబుతున్నారు. రెండు రోజుల్లో ముప్పై ఒక్క మందీ అయ్యారు. ఇరవై ఆరుగురు కథ మెట్టు మీద ఉన్నారు.

ఆ చుట్టుపక్కల ఏ బడిలోనూ పన్నెండు దాటలేదు.

హెడ్మాస్టరు ఆ సాయంత్రమే అంకెలు పైకి పంపేశాడు. టీ తెప్పించాడు. “ముప్పై మూడేళ్ళ కష్టమండీ, ఊరికే పోతుందా” అని వరండాలో ఎదురైన ప్రతివాళ్ళకీ చెప్పాడు. డ్రిల్లు మాస్టరు వంగి దండం పెడుతూ, “టీచరుగారూ, ఆ నోరు మూసుకునే మంత్రమేదో మా ఆవిడక్కూడా ఉపదేశించండి” అన్నాడు. వదిన నవ్వింది. ముందు పళ్ళ మధ్య సందు కనిపించేలా నవ్వింది. చెల్లెలికీ అక్కడే సందు ఉండేది.

“సంతకం పెట్టెయ్యి మరి” అంది ఆయనతో.

“ఇంకోటి ఉంది. ఐదుగురిలో ఒకరికి నేను మళ్ళీ పరీక్ష పెట్టాలి. పద్ధతి అది.”

“పెట్టుకో. పదిమందికి పెట్టుకో.”

*

మూడోసారి వెళ్ళి ఆరుగురు పిల్లల్ని పిలిపించాడు. కథ మెట్టు వాళ్ళే అందరూ. రెండు జడల పిల్ల ముందు వచ్చింది. కాగితం తీసుకుంది. ‘పా’ అంది. తల ఎత్తి ఆయన మొహం చూసింది. ఆయన మొహంలో ఏముంటుంది? కొయ్యబొమ్మలా కూర్చున్నాడు. పిల్ల మళ్ళీ కాగితం చూసింది, మళ్ళీ మొహం చూసింది. నిమిషం అయిపోయింది. మూడు మాటలు చదివింది.

రెండోవాడు నాలుగు. మూడో పిల్ల రెండు. ఆరుగురూ అంతే. అందరూ మొదటి అక్షరం పలికి, తల ఎత్తి, ఎదురుచూశారు.

“నిన్ను చూసి భయపడి ఉంటారు” అంది వదిన. “నీ మొహం చూస్తే నాకే భయమేస్తుంది. నవ్వి ఎన్నేళ్ళయింది? జరుగు, నేను కూర్చుంటాను.”

ఆమె కూర్చుంది. రెండు జడల పిల్ల మళ్ళీ వచ్చి గడగడా చదివింది. వదిన వెనక్కి తిరిగి, చూశావా అన్నట్టు కళ్ళెగరేసింది. ఆయన స్టాప్‌వాచ్ ఆపాడు. లెక్క అడగమన్నాడు.

“పదిహేడుకి ఎనిమిది కలిపితే?” అంది వదిన.

పిల్ల కాసేపాగి, “ఇరవై అయిదు” అంది.

“ఎలా వచ్చింది తల్లీ?” అని ఆయనే అడిగాడు. వెనక నుంచి వచ్చిన ప్రశ్నకి పిల్ల ఇటు తిరిగింది. చాలా చిన్న ప్రశ్న అడిగినట్టు చూసింది.

“టీచరు వేలు ఆగింది కదండీ.”

“ఏ వేలు?”

“బొటనవేలు. టీచరు కణుపుల మీద లెక్కపెడతారు. అది ఎక్కడాగితే మనమూ అక్కడ ఆపాలి.”

వదిన చెయ్యి ఒళ్ళో ఉంది. బొటనవేలు ఇంకా మధ్యవేలి రెండో కణుపు మీదే ఉంది. ఆమె దాన్ని ఎవరిదో అన్నట్టు చూసుకుంది.

“మరి చదవడం?” అన్నాడు ఆయన.

“చదవడానికి నోరు చూడాలండీ” అంది పిల్ల. బడిలో అందరికీ తెలిసిన నియమం ఈయనకొక్కడికే తెలియదన్నట్టు, ఓపిగ్గా చెప్పింది.

*

ఆయన లేచి వచ్చి పిల్ల వెనక నిలబడ్డాడు. “మళ్ళీ చదువమ్మా” అన్నాడు. ఈసారి కాగితం చూడలేదు, పిల్లని చూడలేదు. వదిన మొహం చూశాడు.

చప్పుడు లేదు. కానీ పెదవులు కదులుతున్నాయి. పిల్లకంటే అరక్షణం ముందు మాట మాటకీ కదులుతున్నాయి. ‘పడవ’ దగ్గర మూసుకున్నాయి, తెరుచుకున్నాయి. ‘బొమ్మ’ దగ్గర గుండ్రంగా సాగి మళ్ళీ మూసుకున్నాయి. మొదటి అక్షరం పిల్ల కాగితం మీద చూస్తోంది. మిగతా మాట ఆమె పెదవుల మీద చూస్తోంది.

సంచిలోంచి పాత నకలు కాగితాలు తీశాడు. గీతల మీద వదిన ముత్యాల్లాంటి అక్షరాలతో రాసిన తప్పులు చూశాడు. ‘చేప’ని ‘చేవ’ అని చదివితే కళ్ళు పొరబడ్డాయనుకోవచ్చు, ఆ రెండూ చూపుకి దగ్గర. వీళ్ళు ‘చేమ’ అన్నారు. పెదవులు రెండింటికీ ఒక్కలాగే మూసుకుంటాయి. ఆ కాగితాలు అంతకుముందు రెండుసార్లు చూశాడు. చూసి, తప్పులు తక్కువేనని సంతోషించాడు.

“వదినా, మీ పెదవులు కదులుతున్నాయి.”

“ఏం వాగుతున్నావు?”

ఆయన హాజరు పట్టీ తీసి ఆమె చేతికిచ్చాడు. “మొహానికి అడ్డం పెట్టుకోండి. కళ్ళ దాకా.”

“నేనేమన్నా దొంగనా?”

“పెట్టుకోండి.”

పెట్టుకుంది. పిల్ల ‘పా’ అంది. పట్టీ వైపు చూసింది. ఒకసారి పక్కకి వంగి, అట్ట అంచు దాటి చూడబోయింది. తర్వాత చేతులు ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూర్చుంది. నిమిషమంతా కూర్చుంది.

ఆ రోజూ మర్నాడూ ముప్పై ఒక్క మందినీ పిలిచారు. వదినే పిలవమంది. ఒక్కో పిల్లా వచ్చేది, కాగితం తీసుకునేది, పట్టీ వైపు చూసేది. మొదట్లో వదిన ప్రతి నిమిషం తర్వాతా పట్టీ దించి, “వీడికి ఇవాళ ఒంట్లో బాగాలేదు” అనో, “ఇది ఇంట్లో చదవదు” అనో ఏదో ఒకటి చెప్పింది. పదో పిల్ల తర్వాత చెప్పడం మానేసింది. ఇరవయ్యో పిల్ల నుంచి పట్టీ దించడమే మానేసింది. ఆయన పేరు చదివి పంపుతున్నాడు. అట్ట వెనక ఆమె ఊపిరి మాత్రం వినపడుతోంది.

కథ చదివినవాళ్ళు ఇద్దరు. వాళ్ళిద్దరూ ఆ ఏడే వేరే బడి నుంచి వచ్చి చేరినవాళ్ళు.

పిల్లలు ఇళ్ళకి వెళ్ళిపోయారు. వదిన పట్టీ బల్ల మీద పెట్టి, దాని అంచులు సరిచేసింది.

“ఎన్నేళ్ళ నుంచంటావు?”

ఆయన నకలు కాగితాలు సర్దుతున్నాడు.

“నేను అనేదాన్ని, వాళ్ళు అనేవాళ్ళు. ముప్పై మూడేళ్ళు. నా నోరు చూసి అనేవాళ్ళు. నువ్వొచ్చి చప్పుడు తీసేశావు, అంతేగా. మిగిలింది అలాగే ఉండిపోయింది.” పట్టీని పక్కకి జరిపింది. “పై తరగతులకి వెళ్ళినవాళ్ళంతా ఏం చేసి ఉంటారు? ఎవరి నోరు చూసి ఉంటారు?”



*

మర్నాడే టర్ము ఆఖరి రోజు. సంతకం పెట్టాల్సిన కాగితం బల్ల మీద ఉంది. రెండు గడులు. ‘సొంతంగా పరీక్షించగలరు.’ ‘ఇంకా లేదు.’ కింద, కథ మెట్టు చేరిన పిల్లల సంఖ్య. ఆ సంఖ్య పదికి తక్కువైతే ఆ తరగతికి అదనంగా ఒక టీచర్ని ఇస్తారు, వెనకబడ్డ పిల్లల కోసం. ఎక్కువైతే ఇవ్వరు.

ముందు హెడ్మాస్టరు వచ్చాడు. తలుపు దగ్గరగా వేశాడు.

“మాస్టారూ, ఇరవై ఆరు పైకెళ్ళిపోయింది. పెద్దాఫీసరు ఫోను చేసి నన్ను మెచ్చుకున్నాడు. ఇప్పుడు రెండు అని రాస్తే నా మొహం ఎక్కడ పెట్టుకోను?”

“అది మీ ఇష్టం” అన్నాడు ఆయన.

“ఆవిడ మీ మనిషే కదా.”

“అవును.”

“రెండేళ్ళలో పోయే మనిషి. రేపెవరడుగుతారు?”

“పిల్లలు ఇంకా ముప్పై ఏళ్ళు ఉంటారు కదా సార్, వాళ్ళడుగుతారు.”

హెడ్మాస్టరు తలుపు బార్లా తెరిచి వెళ్ళిపోయాడు. తర్వాత వదిన వచ్చింది. కూర్చోలేదు.

“మూడు నెలలివ్వు” అంది. “సంతకం పెట్టెయ్యి, ఇరవై ఆరు అలాగే ఉండనీ. మూడు నెలల్లో వీళ్ళకి మొదటి నుంచి నేర్పుతాను. నోటికి గుడ్డ కట్టుకునైనా నేర్పుతాను. ఇప్పుడు నాకు తెలిసింది కదా. తెలిశాక గెంటేస్తావా?”

“ఇరవై ఆరు అని రాస్తే అదనపు టీచరు రాదు వదినా.”

“వద్దు. నేనున్నాను.”

“మీకిది ముప్పై మూడేళ్ళుగా తెలియలేదు.”

ఆ మాట అనకుండా ఉండాల్సింది. అనేశాడు. ఆమె చీర కొంగు గట్టిగా పట్టుకుంది.

“అది బతికుంటే నిన్నిలా మాట్లాడనిచ్చేదా?” అంది. “దానికి అక్షరాలు నేర్పింది నేనే. నీకు ఉత్తరాలు రాసింది ఆ అక్షరాలతోనే. ఒక్క సంతకం. నేను నిన్నెప్పుడైనా ఏదైనా అడిగానా?”

అడగలేదు. నిజమే. ఆయన కాగితం వైపు చూశాడు. ఇరవై ఆరు రాస్తే ఆమె ఉంటుంది, సాయం రాదు. చదవడం వచ్చినట్టు పేర్లెక్కిన పిల్లలు అలాగే నాలుగులోకి, అయిదులోకి వెళ్ళిపోతారు. ఎవరూ వెనక్కి తిరిగి చూడరు. రెండు రాస్తే సాయం వస్తుంది, కానీ ఆమె పెట్టిన పరీక్ష తప్పని తేలిపోతుంది, ఆమె ఉండదు. తప్పేమిటో మొదటిసారి తెలిసిన టీచరు అదే రోజున తరగతి నుంచి పోతుంది. ఎటు తిప్పి చూసినా ఒక చెయ్యి తెగుతుంది.

ఆమె ముందే ‘ఇంకా లేదు’ గడిలో టిక్కు పెట్టాడు. సంఖ్య దగ్గర రెండు వేశాడు. సంతకం పెట్టాడు.

వదిన అరవలేదు, ఏడవలేదు. బీరువా తాళంచెవి తీసి బల్ల మీద పెట్టింది. “నాలుగో వరస చివర కూర్చునే పిల్లకి ఎడం చెవి సరిగ్గా వినపడదు. వచ్చేవాళ్ళకి చెప్పు” అని వెళ్ళిపోయింది.

ఆ ఆదివారం వెళ్ళి తలుపు కొట్టాడు. లోపల పంపు కింద బిందె నిండుతున్న చప్పుడు వినిపించింది. కట్టేసిన చప్పుడూ వినిపించింది. తలుపు తెరుచుకోలేదు. తర్వాత మళ్ళీ వెళ్ళలేదు.

*

అదనపు టీచరు పోస్టు మంజూరైంది. కాగితం వచ్చింది, హెడ్మాస్టరు గోడకి అంటించాడు. మనిషి రాలేదు. ఆఫీసులో అడిగితే, “పోస్టుంది కానీ వెయ్యడానికి మనుషుల్లేరు” అన్నారు. ఆయన ఐదుసార్లు తిరిగాడు. అయిదోసారి గుమాస్తా తల ఎత్తకుండానే, “మళ్ళీ మీరేనా మాస్టారూ, ఇక్కడే మంచం వేయించమంటారా?” అన్నాడు.

మూడో తరగతిని నాలుగుతో కలిపి డ్రిల్లు మాస్టరుకి ఇచ్చారు. అరవై నాలుగు మంది, ఒక గది. కిటికీకి అదే ఒక రెక్క. వరండాలో కనిపించినప్పుడు, “నాకెందుకండీ ఈ శిక్ష? మీరు నిజం రాశారు, మోత మోసేది నేను” అన్నాడు. ఈసారి హాస్యానికి కాదు.

చెవి సంగతి ఆయన డ్రిల్లు మాస్టరుకి చెప్పాడు. “అరవై నాలుగు మందిలో నాకే వినపడటం లేదు మాస్టారూ” అని జవాబొచ్చింది.

ఆ తర్వాతి వారం పై ఆఫీసు ఆయన్ని ఇంకోవైపు బడులకి మార్చింది. కారణం రాయలేదు, ఆయనా అడగలేదు.

తర్వాతి టర్ము మధ్యలో పరీక్ష కాగితాల కోసం గోడౌనుకి వెళ్ళాల్సి వచ్చింది. పొడవాటి రేకుల షెడ్డు. కప్పు దాకా కట్టలు. చెమ్మకి ఉబ్బిన పుస్తకాలు ఒక మూల పోసి ఉన్నాయి. ద్వారం దగ్గర బల్ల, బల్ల వెనక వదిన. కళ్ళద్దాలు కొత్తవి. ఆయన ముందు ఇద్దరున్నారు. తన వంతు వచ్చేదాకా నిలబడ్డాడు.

“ఏ బడికి?” అంది.

చెప్పాడు. ఆమె లోపలికెళ్ళి కట్ట తెచ్చి బల్ల మీద పెట్టింది.

“మూడో తరగతికి మళ్ళీ పరీక్ష అయింది” అన్నాడు. అడక్కపోయినా చెప్పాడు.

ఆమె కలం ఆగింది. “ఎంత?”

“ఇరవై ఏడు.”

“ఎవరు పెట్టారు?”

“డ్రిల్లు మాస్టరు.”

“మళ్ళీ చూసేవాళ్ళెవరూ లేరా?”

“కొత్తాయన ఉన్నాడు. కుర్రాడు. ఆ రోజు మూడు బడులు చూశాడట.”

ఆమె రిజిస్టరు తిప్పి, వేలితో గడి చూపించింది. ఇన్నేళ్ళూ ‘నువ్వు’ అన్న మనిషితో మొదటిసారి ‘అండి’ కలిపి అంది. “ఇక్కడ సంతకం పెట్టండి. ముందు లెక్క చూసుకోండి. వందుండాలి.”

“అక్కర్లేదు వదినా.”

“చూసుకోండి. తర్వాత తగ్గాయంటే నాకు సంబంధం లేదు.”

ఆయన తాడు విప్పి, నిలబడే లెక్కపెట్టాడు. వెనక వరసలో ఎవరో విసుక్కున్నారు. వందా ఉన్నాయి. సంతకం పెట్టి, మళ్ళీ తాడు కట్టి, కట్ట చంకన పెట్టుకున్నాడు. ఆమె రిజిస్టరు తనవైపు లాక్కుని, ఆయన భుజం మీదుగా వెనకాల ఉన్నవాణ్ణి పిలిచింది.